ఆరుబయట పరుపులు, దిండ్లు, జానమాజ్‌లు: నీళ్ళు తక్కువున్న ఊళ్ళో శుభ్రంగా ఉంచుకోవడం ఎలా?

ఎండాకాలం మొదలైతే హనుమంతునిపాడు, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు ఊళ్ళలో పడకలు బయటికి వస్తాయి. వాకిట్లో నులక మంచం, మిద్దె మీద చాప, దాని మీద బొంత, దిండు. రంజాన్ ఎండల్లో వచ్చిన ఏడాది ఇఫ్తార్ కూడా ఆరుబయటే. ఈ గుడ్డలకు పగలంతా దుమ్ము, రాత్రి తలనూనె, చెమట, పసిపిల్లలుంటే పక్క తడపడం. పుష్కలంగా నీళ్ళున్న ఊరివాళ్ళలా వారం వారం అన్నీ ఉతుక్కోవడం మనకు కుదరదు. బోరు నీళ్ళు తక్కువ, ఉన్నవి కూడా చాలాచోట్ల గట్టి నీళ్ళు. కాబట్టి మన పద్ధతి ఇలా ఉండాలి: ఎండ, దులపడం, గలీబు ముందు, నీళ్ళు చివర.

ఎండలో పెట్టడం

వారానికి ఒకసారి పరుపులు, దిండ్లు పొద్దున తొమ్మిదింటికి మంచం మీద ఆరేసి, మధ్యాహ్నం తిరగేసి, మూడు నాలుగింటికల్లా లోపల పెట్టేయాలి. పొద్దుగూకేదాకా వదిలేస్తే దూది మళ్ళీ చెమ్మ పీలుస్తుంది. రంగు గుడ్డలు తిరగేసి ఆరేస్తే వెలిసిపోవు. రోజంతా బయటే వదిలేయడం కూడా తప్పే, ఎండకు నూలు పీలికలవుతుంది.

దులిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, పిల్లలను, ఆయాసం ఉన్నవాళ్ళను దూరంగా ఉంచండి. మార్కాపురం పలకల పనికి వెళ్ళేవాళ్ళ ఇళ్ళలో ఇంకో జాగ్రత్త అవసరం. పలక పొడిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులకు చెరుపు. పని బట్టలు మంచం మీద వేయకుండా, దులపకుండా నేరుగా నీళ్ళలో తడపాలి. రాత్రి పడుకునే ముందు దిండు, దుప్పటి ఒక్కసారి విదిలించడం మరవొద్దు, తేళ్ళ కాలం అది.

లోపల ఏముందో చూసి ఉతకండి

బూరుగు దూది దిండు ఉతకకూడదు. ఉతికితే ఉండలు కడుతుంది, మళ్ళీ పొంగదు. గలీబు మాత్రం ఉతికి, దూదిని ఎండలో పెడితే చాలు. బూరుగు దూదికి నిప్పు తొందరగా అంటుకుంటుంది, పొయ్యికీ బీడీకీ దూరంగా ఉంచాలి.

పత్తి పరుపు గట్టిపడితే ఉతకడం కాదు, ఏకించాలి. ఇది మనవాళ్ళ పనే. దూదేకుల, నూర్ బాషా, పింజారి, లద్దాఫ్ అని పిలిచే కుటుంబాలు తరాలుగా విల్లుతో దూది ఏకి ఇంటింటికీ పరుపులు కుట్టారు. ఇప్పుడు మిషన్లొచ్చాయి, ఫోమ్ పరుపులొచ్చి పని తగ్గింది. కానీ పాత దూది ఏకించి కొత్త గుడ్డ వేయిస్తే అదే పరుపు మళ్ళీ కొన్నేళ్ళు వస్తుంది. కొత్తది కొనేముందు ఒకసారి వాళ్ళను అడగండి. చేతిపని చేసుకు బతికిన ఆ జనం పేరును తిట్టుగా వాడేవాళ్ళు ఇంకా ఉన్నారు, మన ఇళ్ళలోనైనా ఆ మాట ఆగాలి.

ఫైబర్ దిండ్లు ఉతకొచ్చు. ఫోమ్‌ను పిండొద్దు. చేత్తో నొక్కి నీళ్ళు తీసి నీడలో ఆరబెట్టాలి.

గట్టి నీళ్ళతో ఉతికేటప్పుడు

సబ్బు నురగ రాక తెల్లటి తెట్టు కడితే అవి గట్టి నీళ్ళు. కారణం కాల్షియం, మెగ్నీషియం లవణాలు. మన వైపు వినే ఫ్లోరైడ్ సమస్య వేరు, అది తాగే నీళ్ళ సంగతి. బకెట్ నీళ్ళలో రెండు చెంచాల వాషింగ్ సోడా కలిపి, పది నిమిషాలు ఆగి, తర్వాత సబ్బు పొడి వేయండి. తక్కువ పొడితోనే మురికి పోతుంది. ఉన్ని, పట్టుకు సోడా వాడొద్దు. ఆఖరి జాడింపులో అర కప్పు తెల్ల వెనిగర్ కలిపితే బిరుసుతనం తగ్గుతుంది. కానీ బ్లీచింగ్‌లో వెనిగర్, నిమ్మరసం ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

తలనూనె మరకకు గిన్నెలు తోమే లిక్విడ్ రుద్ది పావుగంట ఉంచండి. సాలన్ ఒలికితే ముందు శనగపిండి చల్లి నూనె పీల్చనివ్వాలి. రక్తానికి చన్నీళ్ళే, వేడి నీళ్ళు పోస్తే మరక పట్టేస్తుంది. ఇనుప మంచం తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు రాసి కాసేపు ఎండలో పెట్టి జాడించాలి.

పాక్ చేయడం

శుభ్రంగా కనిపించడం వేరు, పాక్ కావడం వేరు. పసిబిడ్డ తడిపిన పరుపు ఎండకు ఆరిపోయింది కదా అని చాలామంది వదిలేస్తారు. హనఫీ ఫిఖ్ ప్రకారం నేల ఆరితే పాక్ అవుతుంది గానీ గుడ్డ, పరుపు కావు. గుడ్డనైతే మూడుసార్లు కడిగి, ప్రతిసారీ పిండాలి. పిండడానికి వీల్లేని పరుపు మీద తడిసినచోట నీళ్ళు పోసి, కారడం ఆగేదాకా ఉంచి, మళ్ళీ పోయాలి. ఇలా మూడుసార్లు. తడిసిన చోటు తెలిస్తే అంతమేరకే కడిగితే చాలు, పరుపంతా నానబెట్టక్కర్లేదు. అది వీలుకాని రోజు, పరుపు ఆరి ఉంటే, మందపాటి పాక్ జానమాజ్ పరుచుకుని నమాజ్ చేసుకోవచ్చు. సందేహముంటే మసీదు ఇమామ్ సాబ్‌ను అడగండి. అన్నిటికన్నా తేలిక, బిడ్డ కింద ముందే రబ్బరు షీటు వేయడం.

దాచడం

వానలు మొదలయ్యేలోపు బొంతలు, దస్తర్‌ఖాన్లు, టార్పాలిన్లు పూర్తిగా ఆరాకే మడవాలి. తడి గుడ్డ ఒకటి రెండు రోజుల్లోనే బూజు పడుతుంది. టార్పాలిన్ మడత దగ్గరే చీలుతుంది, చుట్టగా చుట్టడం మేలు. ప్లాస్టిక్ కవర్లో బిగించకుండా పాత నూలు చీరలో మూటగట్టి, ఎండు వేపాకు వేసి, ఎలుకలకు అందకుండా అటక మీద పెట్టండి. నెలకోసారి విప్పి గాలి తగిలిస్తే వచ్చే ఎండాకాలానికి పడక సిద్ధంగా ఉంటుంది, నీళ్ళూ మిగులుతాయి.