జొన్న నాము, మేతలో మరికొన్ని విషపు మొక్కలు

"ఆవు నాము తిన్నది" అని మన పెద్దవాళ్లు అనేవారు. లేత జొన్న పైరులోనూ, కోసిన మోళ్ల నుంచి వచ్చే పిలకల్లోనూ ఉండే విషానికి తెలుగు రైతులు పెట్టుకున్న పేరు నాము. పిల్లలు కన్నడం, తమిళం, మరాఠీ బడుల్లో చదువుకున్న మన ఇళ్లలో ఈ మాట జారిపోతోంది. మాటతో పాటు "ఆ చేలోకి పశువును వదలకు" అనే హెచ్చరిక కూడా పోతోందన్నదే మా బాధ.

జొన్న మొక్కలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. పశువు నమిలి మింగాక అది విడిపోయి హైడ్రోసయనిక్ ఆమ్లం పుడుతుంది. ఇది రక్తంలో కలిస్తే ఒంట్లోని కణాలు ప్రాణవాయువును వాడుకోలేవు. రక్తంలో ప్రాణవాయువు ఉన్నా పశువు ఊపిరాడక కొట్టుకుంటుంది. అందుకే మొదట్లో చిగుళ్లు, కంటి లోపలి పొర పాలిపోకుండా బాగా ఎర్రగా కనిపిస్తాయి.

మోకాలెత్తు కూడా లేని పైరు, బెట్టకు గిడసబారిన పైరు, ఆ తర్వాత వాన పడగానే వచ్చిన కొత్త చిగుళ్లు, కోత తర్వాతి పిలకలు చాలా ప్రమాదం. యూరియా ఎక్కువ వేసిన మేత జొన్నలోనూ విషం పెరుగుతుంది. పూతకు వచ్చాక తగ్గుతుంది, బాగా ఎండిన చొప్పలో ఇంకా తక్కువ. ఆకలి మీదున్న పశువు కట్టు తెంచుకుని పిలకల్లో పడితే నిమిషాల్లోనే వగర్పు, నురగ, వణుకు మొదలై కూలబడుతుంది. గంట రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు.

దీనికి విరుగుడు ఉంది. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ మందులను డాక్టరు నరంలోకి ఎక్కిస్తారు. నైట్రైట్ మోతాదు తప్పితే అదే చంపుతుంది కనుక సొంత వైద్యం వద్దు. చాలా రాష్ట్రాల్లో సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉంది. ఫోనులో ముందుగా ఏం తిన్నదో చెప్పండి. జొన్నను కన్నడంలో జోళ, తమిళంలో చోళం, మరాఠీలో జ్వారీ అంటారు.

హోసూరు, కృష్ణగిరి గుట్టల వైపు మేపేవారికి జొన్న కంటే లంటానా పెద్ద బెడద. మన పులికంప ఇదే, తమిళులు ఉణ్ణిచెడి అంటారు, మరాఠీలో ఘాణేరీ. అమెరికా ఖండం నుంచి పూల అందం కోసం తెచ్చిన మొక్క, ఇప్పుడు అడవినే మింగుతోంది. మామూలుగా పశువు దీన్ని ముట్టదు. గడ్డి లేని కరవులోనూ, వేరే ఊరి సంత నుంచి కొత్తగా తోలుకొచ్చినప్పుడూ తింటుంది. విషం కాలేయానికి తగులుతుంది. మేత మానడం, మలబద్ధకం, కామెర్లు, ఎండ తగిలిన తెల్ల మచ్చల మీద చర్మం ఊడడం, మూతి పగలడం దీని గుర్తులు. పశువును నీడన కట్టేయాలి. తిన్న ఆకు కడుపులో ఉన్నంతకాలం విషం ఒంటికి పడుతూనే ఉంటుంది, అందుకని కాస్త తేరుకున్నట్టు కనిపించినా డాక్టరుకు చూపించాల్సిందే.

అడవినాభి దుంప, ఆముదం గింజలు కూడా ప్రాణాంతకాలే. అడవినాభి తమిళనాడు రాష్ట్ర పుష్పం కావడం వేరే సంగతి. ఇక పూజ కోసం పెరట్లో పెంచే గన్నేరు సంగతి. దాని విషం గుండెకు తగులుతుంది, ఆకు ఎండినా విషం పోదు. కత్తిరించిన కొమ్మలను పశువుల కొట్టం పక్కన పడేయకండి.