చెప్పు తోలు నుంచి రాతినార దాకా

కొత్తగా కారు కొనుక్కున్నవాళ్ళింటికి వెళితే మనం ఏమడుగుతాం? రంగు బావుందంటాం. సీటు కవర్లు ఎక్కడ కుట్టించారంటాం. మరీ దగ్గరివాళ్ళయితే లీటరుకెన్ని కిలోమీటర్లిస్తోందని కూడా ఆరా తీస్తాం. "బ్రేకుల్లో ఏం వేయించారండీ?" అని అడిగిన ఇల్లాలిని మాత్రం నేనింతవరకూ చూడలేదు. పెళ్ళి సంబంధాలూ అంతేగా! పిల్లవాడి ఉద్యోగం, జీతం అడుగుతారు గానీ, కోపమొస్తే ఎక్కడ ఆగుతాడని అడిగేవాళ్ళేరీ?

నవ్వకండి. బండిని కదిలించేది ఇంజనే కావచ్చు, కానీ మనల్ని ఇంటికి చేర్చేది బ్రేకు. ఆ బ్రేకులో అరిగిపోయి, మళ్ళీ మళ్ళీ మార్చుకోవలసి వచ్చే చిన్న పట్టీకి ఓ పెద్ద చరిత్ర ఉంది. దాన్ని వెతుక్కుంటూ వెళితే నాకు ముగ్గురు ఆడవాళ్ళు ఎదురయ్యారు. ఒకావిడ దానికి తోలు కొట్టించింది. ఒకావిడ రాతిని నూలుగా వడికి, ఆ నూలుకే ప్రాణం ధారపోసింది. ఇంకొకావిడ ఆ రాతికి మారుగా వేరే దారం తీసింది.

ముందు ఆ పట్టీ చేసే పనేమిటో చూద్దాం. మీ చేతిలో పట్టకారు ఉంది. ఎదురుగా ఒక ఇనపపళ్ళెం గిర్రున తిరుగుతోంది. పట్టకారుతో దాన్ని రెండువైపులా నొక్కి పట్టుకుంటే ఆగుతుంది కదా? డిస్కు బ్రేకంటే అదే. పట్టకారు మొనలకి అతికించిన మందపాటి బిళ్ళలే బ్రేకు ప్యాడ్లు. అలాక్కాక ఒక గిన్నె తిరుగుతుంటే, దాని లోపలినుంచి రెండు అర్ధచంద్రాకారపు కమ్ములు బయటికి తోసుకుని గిన్నె గోడకి రాసుకుంటే అది డ్రమ్ము బ్రేకు. ఆ కమ్ములే షూలు, వాటిమీది పట్టీలే మన మెకానిక్కులు లైనర్లనేవి.

రాపిడంటే వేడి. ఎంత వేడో వంటింటి లెక్కలో చెప్పనా? 1100 కిలోల బండి గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోతూ బ్రేకు వేసి ఆగిందంటే, సుమారు అరలీటరు నీళ్ళు మరిగించేంత వేడి పుడుతుంది. అదే బండి తిరుమల కొండమీద నుంచి కిందకి వచ్చిందనుకోండి. ఏడొందల మీటర్ల దిగుడు. ఆ భారమంతా బ్రేకులమీదే వేస్తే పాతిక లీటర్ల నీళ్ళు కాగిపోతాయి! పొయ్యిమీద గుండిగ పెట్టినట్టే. ఇంత వేడికి మాడిపోకుండా, జారిపోకుండా, ఇనుమును కొరికెయ్యకుండా ఉండే వస్తువేది? ఆ ప్రశ్నకి జవాబు వెతకడమే ఈ చరిత్రంతా.

ఇక మొదటావిడ సంగతి. జర్మనీలో కార్ల్ బెంజ్ అనే ఇంజనీరు 1886లో తన మోటారుబండికి పేటెంటు తీసుకున్నాడు. ఆ పనికి పెట్టుబడి ఎక్కడిదనుకున్నారు? భార్య బెర్తా తెచ్చిన కట్నం డబ్బు. పేటెంటు మాత్రం భర్త పేరనే ఉందనుకోండి, అదలా ఉంచండి. బండి తయారైందే గాని, కొనేవాడు లేడు. ఆయనకేమో బయటికి తీసి చూపించాలంటే బిడియం. 1888 ఆగస్టులో ఒక వేకువన బెర్తా తన ఇద్దరు కొడుకుల్నీ లేపి, భర్తతో చెప్పకుండా బండి బయటికి తీసింది. పెద్దవాడు యూజెన్‌కి పదిహేనేళ్ళు, రెండోవాడు రిచర్డ్‌కి పదమూడు. మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కి నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. ఫోర్ట్స్‌హైమ్ ఎవరి ఊరనుకున్నారు? ఆవిడ పుట్టిల్లు! లోకంలో మోటారుకారు చేసిన మొట్టమొదటి దూరప్రయాణం ఒక ఆడబడుచు పుట్టింటికి వెళ్ళడమేనన్నమాట.

దారిలో పెట్రోలు బంకులా పాడా! మందుల షాపులో బట్టల మరకలు తుడిచే ద్రావకం కొని పోయించుకుంది. ఇంధనపు గొట్టం పూడిపోతే టోపీ సూదితో పొడిచి తీసింది. తీగె ఒరుసుకుపోతే మేజోళ్ళకు కట్టుకునే పట్టీ చుట్టింది. కొండ దిగుళ్ళలో చెక్క బ్రేకు అరిగిపోయింది. అప్పుడావిడ దారిలో ఉన్న ఒక చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆపి, ఆ చెక్కలకి తోలు కొట్టించింది. కారు బ్రేకుకి మొదటి పట్టీ అదే. ఇంజనీర్లు తరవాత కనిపెట్టుకున్నారు లెండి!

తోలు మంచిదే గాని వేడికి కమిలిపోతుంది. తొమ్మిదేళ్ళ తరవాత, 1897 ప్రాంతాల్లో, ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండల్లో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన గుర్రబ్బళ్ళ వాళ్ళని గమనించాడు. వాళ్ళు కొండ దిగేటప్పుడు పాత బూట్ల తోలు చెక్కబ్రేకులకి తగిలించుకునేవారు. ఆయన పెరటి షెడ్డులో ప్రయోగాలు చేసి, నేతపట్టీలని తారులాంటి జిగురులో నానబెట్టి బ్రేకు పట్టీ తయారుచేశాడు. తన పేరులోని అక్షరాలు అటూ ఇటూ మార్చి, భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరం కలిపి, 'ఫెరోడో' అని కంపెనీకి పేరు పెట్టుకున్నాడు. ఆయన గుర్రబ్బళ్ళకి చేసిన పట్టీ మోటారు కార్ల వేగానికి తట్టుకోలేదు. 1908లో ఆయన రాతినారకి మారాడు.

రాతినార అంటే ఆస్బెస్టాస్. చూడ్డానికి రాయి, దువ్వితే పట్టులాంటి పీచు. నిప్పుకి కాలదు, నూలులా వడకొచ్చు, బట్టలా నెయ్యొచ్చు, పైగా చవక. బ్రేకుకి ఇంతకన్న ఏం కావాలి? దేవుడు బ్రేకుకోసమే పుట్టించాడనుకున్నారు. ఆ తరవాత డెబ్భై ఎనభై ఏళ్ళు లోకంలో కార్లన్నీ రాతినార పట్టీలమీదే ఆగాయి.

ఇప్పుడు రెండో ఆవిడ. పేరు నెల్లీ కెర్షా. ఇంగ్లండులో రోచ్‌డేల్ ఊరు. పన్నెండో ఏట మిల్లులో కూలికి చేరింది. రాతినారని నూలుగా వడకడం ఆమె పని. అలాంటి నూలుతోనే బ్రేకు పట్టీలు నేసేవారు. 1922 నాటికి దగ్గు, ఆయాసం, మంచం పట్టింది. ఇన్సూరెన్సు వాళ్ళు, ఇది పనివల్ల వచ్చిన జబ్బు కాబట్టి మేమివ్వమన్నారు. కంపెనీ, పరిహారం ఇవ్వవలసిన జబ్బుల జాబితాలో ఇది లేదు కాబట్టి మేమివ్వమంది. 1924 మార్చి 14న ముప్ఫైమూడేళ్ళకే కన్నుమూసింది. అంత్యక్రియలకి కూడా కంపెనీ చెయ్యి విదల్చలేదు. సమాధిమీద పేరు కూడా లేకుండా పూడ్చిపెట్టారు.

ఆమె ఊపిరితిత్తులని పరీక్షించిన డాక్టరు విలియం కుక్, వాటిలో రాతి ముక్కలు కనిపించాయని అదే ఏడాది వైద్యపత్రికలో రాశాడు. 1927లో ఆ జబ్బుకి 'ఆస్బెస్టోసిస్' అనే పేరొచ్చింది. 1930లో బ్రిటిషు ప్రభుత్వపు అధికారులు పరీక్షించిన 363 మంది కార్మికులలో 95 మందికి ఊపిరితిత్తులు గట్టిపడి ఉన్నాయి. మరుసటి ఏడే ఫ్యాక్టరీలలో దుమ్ముని అదుపు చెయ్యాలని నిబంధనలు తెచ్చారు. ఆ తరవాత తేలింది, ఆ పీచు ముప్ఫై నలభై ఏళ్ళు ఊరుకుని మరీ క్యాన్సరు తెస్తుందని. అయినా బ్రేకుల్లో వాడకం ఆగిందా? చవక వస్తువుకి లోకం అంత తొందరగా విడాకులివ్వదు. అమెరికా ప్రభుత్వం 1989లో నిషేధిస్తే 1991లో కోర్టు చాలావరకు కొట్టేసింది. బ్రిటన్ 1999లో, యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ 2005 నాటికి నిషేధించాయి. అమెరికా 2024లో గాని మళ్ళీ ఆ పని చెయ్యలేకపోయింది.

ఇదంతా దొరల దేశం గొడవ, మనకెందుకంటారా? మన కడప జిల్లా పులివెందుల నేలలోనూ ఆ నార ఉంది. దాన్ని తవ్వి తీశారు కూడా. 1986లో కేంద్రప్రభుత్వం కొత్త లీజులివ్వడం ఆపేసింది. రాతినార కార్మికుల ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తవ్వకం ఆగిందే గాని, విదేశాలనుంచి దిగుమతి ఆగలేదు.

మా ఇంట్లో 1980ల నాటి అంబాసిడరు ఒకటుంది. మామగారి జ్ఞాపకమని మావారు అమ్మనివ్వరు. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. ఆ మధ్య లైనర్లు మార్పించడానికి షెడ్డుకి వెళ్ళాం. పద్నాలుగు పదిహేనేళ్ళ కుర్రాడు డ్రమ్ము విప్పి, గాలి గొట్టం పెట్టి బుస్సున ఊదాడు. నల్లటి పొగలా లేచింది. వాడు మొహం కూడా తిప్పుకోలేదు.

"ఏమిటి బాబూ అది?" అన్నాను.

"దుమ్మేనమ్మా! పాత బండి కదా, లోపలే ఉండిపోద్ది" అన్నాడు నవ్వుతూ.

ఆ దుమ్ము ఏ కాలపు లైనరు అరిగి రాలినదో! మేస్త్రీతో చెప్పి గాలి గొట్టం ఆపించి, తడిగుడ్డతో తుడిపించాం. "ఇన్నేళ్ళనుంచీ ఊదుతూనే ఉన్నాం అమ్మగారూ, మాకేమైంది?" అన్నాడాయన. ఏమీ కాకూడదనే నా కోరిక కూడాను. కానీ ముప్ఫై ఏళ్ళ తరవాత పలకరించే జబ్బుని ఇవాళ ఏమైందని అడిగితే ఏం చెబుతుంది?

మూడో ఆవిడ దగ్గరికి వద్దాం, మనసు తేలికపడుతుంది. స్టెఫనీ క్వోలెక్. అమెరికాలో పుట్టింది. తల్లి కుట్టుపని చేసేది, ఈవిడకీ చిన్నప్పుడు దుస్తులు రూపొందించాలనే సరదా ఉండేది. రసాయనశాస్త్రం చదివి డ్యూపాంట్ కంపెనీలో చేరింది. 1965లో కారు టైర్లకి తేలికైన గట్టి దారం కోసం వెతుకుతుంటే, పలచటి మజ్జిగలా మబ్బుమబ్బుగా ఉన్న ద్రావకం తయారైంది. దారం తీసే యంత్రం దగ్గరి మనిషి, ఇది వేస్తే సన్నని రంధ్రాలు పూడిపోతాయని మొరాయించాడట. పట్టుబట్టి తీయించింది. వచ్చిన దారం, బరువుకి బరువు తూస్తే ఉక్కుకి అయిదింతలు గట్టిది. అదే కెవ్లార్. తుపాకీ గుండుని ఆపే చొక్కాలు దానితో చేస్తారని అందరికీ తెలుసు. ఆ దారపు పీచే రాతినార స్థానంలో బ్రేకు పట్టీల్లోకి వచ్చిందని తెలిసినవాళ్ళు తక్కువ.

ఇక పాతబండికి ఏ పట్టీలు వేయించాలి? దుకాణంలో మూడు రకాలు చూపిస్తారు. పీచు, జిగురు, రబ్బరు కలిపిన మెత్తటి 'ఆర్గానిక్' రకం చప్పుడు చెయ్యదు, డిస్కుని అరగదియ్యదు, చల్లగా ఉన్నప్పుడే బాగా పట్టుకుంటుంది. కాకపోతే తొందరగా అరుగుతుంది, మరీ వేడెక్కితే పట్టు తప్పుతుంది. ఇనపపొడి దట్టించిన 'సెమీ మెటాలిక్' ఎంత వేడికైనా ఓర్చుకుంటుంది. కానీ కీచుమంటుంది, డిస్కుని తినేస్తుంది. 'సిరామిక్' చప్పుడూ మసీ తక్కువ, ధర ఎక్కువ. పాత బళ్ళ బ్రేకులు మెత్తటి పట్టీలని దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఊళ్ళో తిరిగే పాతబండికి కొత్త కార్ల మోజుతో గట్టి రకం వేయించడం, నాయనమ్మ పళ్ళకి చెరుకుగడ ఇవ్వడమే. పేరున్న కంపెనీవారి మెత్తటి రకమే దానికి మర్యాద.

కొనేటప్పుడు అట్టపెట్టెమీద 'ఆస్బెస్టాస్ లేనిది' అని ఉందో లేదో చూడండి. ఏళ్ళ తరబడి అటకమీద మగ్గిన పాతసరుకు చవగ్గా ఇస్తామంటే వద్దనండి. ఒక పక్క చక్రానికి మార్చి రెండో పక్క వదిలెయ్యకండి, బండి ఒక పక్కకి లాగుతుంది. ప్యాడు మందం మూడు మిల్లీమీటర్లకి దిగిందంటే ఇంకా నెట్టుకురావద్దు. కొత్తవి వేశాక మొదటి రోజుల్లో గట్టి బ్రేకులు వెయ్యకుండా మెల్లగా అలవాటు చెయ్యాలి, కొత్తకోడలికి ఇల్లు అలవాటు చేసినట్టు. కొండ దిగేటప్పుడు చిన్న గేరులో దిగాలి, పాతిక లీటర్ల గుండిగ గుర్తుంది కదా!

ఒక్క మాట. బ్రేకు పట్టీ ఎంచుకునేటప్పుడు బండిలో కూర్చునేవాళ్ళ గురించి అందరూ ఆలోచిస్తారు. దాన్ని తయారుచేసిన చెయ్యీ, దాన్ని విప్పి తుడిచే చెయ్యీ కూడా ఎవరో ఒక తల్లి బిడ్డవేనని నెల్లీ కెర్షా చచ్చి చెప్పింది. 2006లో రోచ్‌డేల్ శ్మశానంలో ఆమె పేరున ఒక స్మారకశిల నిలిపారు. ఎనభై రెండేళ్ళు పట్టింది. మనం దుకాణంలో ఆ పెట్టెమీది అక్షరాలు చదవడానికి అరనిమిషం చాలు.