కృష్ణా డెల్టాలో సినీ అభిమాన సంఘాలు: ఆరాధన, అధికారం

విజయవాడ వద్ద కృష్ణానదిపై 1855లో ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టా వ్యవసాయంలో మిగులు ఏర్పడింది. ఇరవయ్యో శతాబ్దంలో అందులో కొంత సినిమా నిర్మాణానికీ, పంపిణీకీ మళ్ళింది. విజయవాడ గాంధీనగర్ పంపిణీ సంస్థలకు కేంద్రమైంది. నందమూరి తారక రామారావు (జ. 1923), అక్కినేని నాగేశ్వరరావు (జ. 1924) ఇద్దరూ గుడివాడ ప్రాంత రైతు కుటుంబాలవారే. అందువల్ల ఈ ప్రాంత ప్రేక్షకునికి కథానాయకుడు తెరమీది దైవమే కాక, పొరుగూరి మనిషి కూడా.

అభిమాన సంఘాల ప్రవర్తనలో ఈ రెండు భావాలూ కనిపిస్తాయి. కటౌట్లు, పూలదండలు, హారతులు ఆరాధనకు చిహ్నాలు. చిత్రం నచ్చనప్పటి నిలదీత హక్కుకు చిహ్నం. పద్యనాటకాల్లో ‘వన్స్ మోర్’ అంటూ నటునిచేత పద్యాన్ని మళ్ళీ పాడించుకున్న ప్రేక్షకుల అలవాటుకు దీనిని కొనసాగింపుగా భావించవచ్చు.

1982 మార్చి 29న ఎన్.టి.ఆర్. తెలుగుదేశం పార్టీని ప్రకటించినప్పుడు అభిమానులు ప్రచారానికి అండగా నిలిచారు. 1983 ఎన్నికల్లో ఆ పార్టీ 294 శాసనసభ స్థానాల్లో 200 దాటింది. అయితే 1989లో పార్టీ అధికారం కోల్పోగా, కల్వకుర్తిలో ఆయనే ఓడిపోయారు. తెరమీది ఆరాధన రాజకీయాలకు ద్వారం తెరవగలదు గాని, పాలనపై తీర్పును ఆపలేదని ఈ పరిణామం స్పష్టం చేస్తున్నది. అభిమానిని అంధభక్తునిగా మాత్రమే చూసే విశ్లేషణ ఈ కారణంగానే అసంపూర్ణం.