కోఠారి పెండ్లి డిస్కులు

బల్లార్షా నుంచి గోండ్‌పిప్రీ పోయే రోడ్డు మీద, టేకు అడవి అంచున ఉంటుంది మా కోఠారి. చంద్రపూర్ జిల్లా, బల్లార్‌పూర్ తాలూకా. జిల్లా చరిత్ర రాసినవాళ్లకు బల్లార్షాలో గోండు రాజుల కోట ఉంది, చాందాలో, అంటే ఇప్పటి చంద్రపూర్‌లో, ఊరి చుట్టూ పరకోట ఉంది. కోఠారి దగ్గరికి వచ్చేసరికి పోలీసు ఠాణా, అటవీశాఖ రేంజి కచేరీ, అంతే. ఈ ఊళ్లో ఎవరి వాకిట్లో పందిరి పడింది, ఏ ముసలమ్మ గొంతెత్తితే ఆడవాళ్లంతా అందుకునేవారు, రోడ్డు వెడల్పు కాకముందు ఇండ్ల వరస ఎట్లా ఉండేది, ఇవి ఏ పుస్తకంలోనూ దొరకవు. అయితే 2000 తర్వాతి పది పదిహేనేళ్ల కాలం మట్టుకు బొమ్మతో, చప్పుడుతో సహా నిలిచి ఉంది. ఇంటింటా ట్రంకు పెట్టెల్లో, బీరువా పై అరల్లో, పెండ్లి ఆల్బమ్ వెనక అట్టలో దూర్చిన సీడీల్లో, డీవీడీల్లో ఉంది. ఆ డిస్కులు ఒక్కొక్కటే చెడిపోతున్నాయి. వాటిని ఇంటి కంప్యూటర్లోకి ఎక్కించుకోవడం మా ఊరి చరిత్రకు ఇవాళ అన్నిటికన్నా తొందర పని అని నా నమ్మకం.

ఆ డిస్కుల్లో ఏముందో తెలియాలంటే ఇక్కడ తెలుగు ఇండ్లు ఎట్లా ఉన్నాయో కొంచెం చెప్పాలి. వార్ధా నదికి అవతలి ఒడ్డున ఉన్న రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 1929లో కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు మార్గం పూర్తయి మద్రాసు, ఢిల్లీ నేరుగా కలిశాయి. 1945లో బల్లార్‌పూర్ కాగితం కంపెనీ మొదలైంది. బొగ్గు గనులు ఉన్నాయి. నది అవతలి బంధుత్వాలు, రైలు, మిల్లు, గని, వీటిని పట్టుకునే తెలుగువాళ్లు ఈ చుట్టుపక్కల స్థిరపడ్డారు. కనుక మా పెండ్లిళ్లు ఎప్పుడూ రెండు ఒడ్ల మధ్య జరిగేవి. పిల్ల కాగజ్‌నగర్‌దైతే పిల్లగాడు ఇక్కడివాడు, లేదా తిరగమరగ. మంచిర్యాల నుంచి, ఆసిఫాబాద్ నుంచి, సిరొంచా నుంచి చుట్టాలు దిగేవారు. ఒకే పందిట్లో మరాఠీ మంగళాష్టకాలు, తెలుగు అప్పగింతల పాటలు వినిపించేవి. హల్దీ అనేవాళ్లు హల్దీ అనేవారు, నలుగు అనేవాళ్లు నలుగు అనేవారు. ఇదంతా కెమెరా చూసింది.

మొదట వచ్చినవి వీహెచ్‌ఎస్ క్యాసెట్లు. అవి ఉన్నవాళ్ల ఇండ్లకే. వీసీడీ (వీడియో సీడీ) వచ్చాక వీడియో అందరి పెండ్లిళ్లలోకీ చేరింది. ఫిలిప్స్, సోనీ, మత్సుషిటా, జేవీసీ కలిసి 1993లో ఆ పద్ధతిని ఖాయం చేశాయి. మామూలు సీడీ మీదే 74 నిమిషాల బొమ్మ పడుతుంది. చీటీ రాసినట్టు చవగ్గా నకళ్లు తీయొచ్చు. రెండున్నర గంటల తెలుగు సినిమా రెండు మూడు డిస్కుల్లో వచ్చినట్టే, పెండ్లి కూడా ‘పార్ట్ 1, పార్ట్ 2’ అని వచ్చేది. బొమ్మ మట్టుకు చిన్నది, 352 చుక్కల అడ్డం, 288 చుక్కల నిలువు. పందిట్లో వెనక వరసలో కూర్చున్నవాళ్ల మొహం అందులో వేలిముద్రంత కూడా ఉండదు. తర్వాత డీవీడీ వచ్చి బొమ్మ తేటపడింది గానీ, మా ఊరి డిస్కుల్లో వీసీడీల పాలు పెద్దది.

ఈ డిస్కులు కంప్యూటర్లో పెట్టగానే ఎదురయ్యే మొదటి చిక్కు అందరికీ ఒకటే. కాపీ సగం దాకా పోయి ఆగుతుంది. ‘డేటా ఎర్రర్, సైక్లిక్ రిడండెన్సీ చెక్’ అని పడుతుంది. పక్కింటి అక్క డిస్కు తిరిగి తీసుకుంటూ, “మా టీవీల మంచిగనే ఆడుతది తమ్మీ, నీ కంప్యూటరే ఖరాబున్నట్టుంది” అంటుంది. ఆమె చూసింది నిజమే, టీవీలో ఆడుతుంది. కంప్యూటరూ ఖరాబు కాలేదు. రెండూ ఎట్లా నిజమో తెలిస్తే సగం పని అయినట్టే.

సీడీ మీద సమాచారం 2352 బైట్ల సెక్టార్లుగా ఉంటుంది. లెక్కలు, ఉత్తరాలు దాచే మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టార్లో 2048 బైట్లే సరుకు, మిగిలిన దాంట్లో తప్పులు దిద్దుకోవడానికి అదనపు అంకెలుంటాయి. అక్కడ ఒక్క అంకె మారినా పత్రం పాడవుతుంది కాబట్టి ఆ జాగ్రత్త. వీసీడీ చేసినవాళ్లు సినిమాకు అంత అవసరం లేదనుకున్నారు. దిద్దుబాటు చోటును కూడా బొమ్మకే ఇచ్చి 2324 బైట్ల సరుకు నింపారు. ఎక్కడన్నా గీత పడితే టీవీ కింది ప్లేయర్ ఆ ముక్కను వదిలేసి ముందుకు పోతుంది, తెర మీద రెండు గళ్లు చెదిరి సర్దుకుంటాయి. విండోస్ అట్లా వదలదు. దానికి ఫైల్ అంటే మొదటి బైటు నుంచి ఆఖరి బైటు దాకా ఉండాల్సిందే. ఒక్కచోట చదవలేకపోతే గంట నిడివి ఉన్న ఏవీసెక్01.డ్యాట్ అనే వీడియో ఫైల్ మొత్తం పారేస్తుంది. తాళి కట్టే ఘట్టం చెక్కుచెదరకుండా ఉన్నా, భోజనాల దగ్గరి గీత వల్ల అదీ పోతుంది.

కనుక ఇలాంటి డిస్కును మౌస్‌తో లాగి కాపీ చేయకూడదు. సెక్టార్ సెక్టార్‌గా చదివి, రానిది వదిలి, వచ్చినదంతా తెచ్చే సాఫ్ట్‌వేర్ కావాలి. వీసీడీకి ఐసోబస్టర్ పనికొస్తుంది. లినక్స్ వాడేవాళ్లకు వీసీడీఇమేజర్‌తో వచ్చే వీసీడీఎక్స్‌రిప్ ఉంది. డీవీడీకి జీఎన్‌యూ డీడీరెస్క్యూను మించింది నేను చూడలేదు. మొదట తేలిగ్గా వచ్చేదంతా తెచ్చుకుని, మొండి చోట్ల దగ్గరికి తర్వాత వెళ్తుంది. ఏ చోట్లు మిగిలాయో ఒక మ్యాప్ ఫైల్లో రాసి పెట్టుకుంటుంది. అదే డిస్కును రేపు ఇంకో డ్రైవ్‌లో పెడితే మిగిలిన చోట్లే అడుగుతుంది. ఒక డ్రైవ్‌కు రానిది ఇంకోదానికి వస్తుంది, ఇది మాటిమాటికీ కనిపించే సంగతి. ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకునే సన్న డ్రైవ్ చేతులెత్తేసిన చోట పాత డెస్క్‌టాప్ డ్రైవ్ చదువుతుంది. చదివే వేగం తగ్గిస్తే ఇంకొన్ని సెక్టార్లు దొరుకుతాయి. వీసీడీకి మాత్రం డీడీరెస్క్యూ సరిపడదు. అది 2048 బైట్ల లెక్కన అడుగుతుంది, బొమ్మ ఉన్న సెక్టార్లు ఆ లెక్కలోకి రావు. మంచి డిస్కును కూడా చెడ్డదని చెప్తుంది.

గీతల సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మా వైపు దుమ్ము వేరు. బొగ్గు పొడి, రోడ్డు ఎర్రమట్టి కలిసి గరుకుగా ఉంటుంది. డిస్కును చొక్కా అంచుతో గుండ్రంగా తుడిస్తే ఆ గరుకే గీస్తుంది. సీడీలో సమాచారం సన్నని దారంలా చుట్లు చుట్లుగా సాగుతుంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం 1.6 మైక్రోమీటర్లు. ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ 1960లో కనిపెట్టిన గణితమే సీడీలో తప్పులు దిద్దుతుంది. విత్తనాలను ఒకే సాలులో పోయకుండా చేనంతా చల్లినట్టు, సీడీ పద్ధతి దానికి తోడు ఒక్కచోటి సమాచారాన్ని దూరదూరంగా పరుస్తుంది. అందువల్ల చుట్టు వెంట సుమారు రెండున్నర మిల్లీమీటర్ల దాకా పోయినా తిరిగి కట్టగలదు. మధ్య నుంచి అంచుకు పోయే గీత ఒక్కో చుట్టును సన్నగా దాటిపోతుంది, నష్టం తక్కువ. చుట్టు వెంట సాగే గీత ఆ హద్దు దాటేస్తుంది. ముందు నీళ్లతో కడిగి దుమ్ము పోగొట్టి, ఆరాక మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవమనేది అందుకే. కిరోసిన్, పెట్రోలు, గోళ్ల రంగు తీసే మందు ముట్టించకూడదు, ప్లాస్టిక్ పాడవుతుంది.

మెరిసే వైపే చూసి డిస్కు మంచిదనుకోవడమూ సరికాదు. సీడీలో సరుకు ఉన్నది పేరు రాసే వైపు, పల్చని పూత కిందే. మా పెండ్లి సీడీల మీద వధూవరుల ఫోటో స్టిక్కర్ అంటించి ఇచ్చేవారు. 45 డిగ్రీలు దాటే ఎండాకాలాలు రేకుల ఇండ్లలో గడిపాక ఆ జిగురు ముడుచుకుని డిస్కును వంచుతుంది. స్టిక్కర్ పీకితే మెరుపు పొర దానితోపాటే లేస్తుంది, ఆ సరుకు ఇక ఎవరూ తేలేరు. స్టిక్కర్‌ను దాని మానాన ఉంచి, తక్కువ వేగంలో చదవాలి. డిస్కును దీపానికి ఎదురుగా పట్టి చూడండి. సూది మొనల్లా వెలుతురు కనిపిస్తే ఆ చోట్లు పోయినట్టు, మిగతాది ఆ రోజే ఎక్కించుకోండి. డీవీడీలో సరుకు రెండు పలకల మధ్య ఉంటుంది కనుక పేరు వైపు గీతలు అంత బాధించవు. వంకర మట్టుకు దాన్ని ఎక్కువ బాధిస్తుంది.

విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లు ఇప్పటికీ కొన్ని ఇండ్లలో ఉన్నాయి. వాటిలో గీతలున్న డిస్కు పెట్టి మొరాయించాక మంచి డిస్కు కూడా నత్తనడక నడుస్తుంది. డ్రైవ్ నుంచి జవాబు ఆలస్యమై తప్పులు ఆరు చేరితే, ఎక్స్‌పీ ఆ డ్రైవ్‌ను డీఎంఏ పద్ధతి నుంచి మెట్టు మెట్టుగా దించుతూ చివరకు పీఐఓ అనే పాత పద్ధతికి పడేస్తుంది. డివైస్ మేనేజర్‌లో ఆ ఐడీఈ చానల్‌ను తీసేసి కంప్యూటర్ మళ్లీ వేస్తే పాత వేగం తిరిగొస్తుంది. డ్రైవ్ చెడిందని కొత్తది కొనాల్సిన పని లేదు.

డిస్కు ఖాళీ అని చూపించే చిక్కు ఇంకొకటి. చిన్న డీవీడీ మీద నేరుగా రికార్డు చేసే హ్యాండీక్యామ్‌లు కొన్నాళ్లు నడిచాయి. చివర ‘ఫైనలైజ్’ చేయకపోతే ఆ కెమెరా తప్ప మామూలు ప్లేయర్లు ఆ డిస్కును చదవలేవు. ఖాళీ అనుకుని పారేయకండి. కెమెరా ఉంటే అందులో పెట్టి ఫైనలైజ్ చేయాలి, లేకపోతే ఐసోబస్టర్‌తో వెతకాలి. ఇక డీవీడీ మొత్తాన్ని ఒక్క ఇమేజ్‌గా తీసి పెన్‌డ్రైవ్‌లో వేయబోతే ఫైల్ పెద్దదైందని మొరాయిస్తుంది. చాలా పెన్‌డ్రైవ్‌లు వచ్చే ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు. పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చితే సరిపోతుంది. మారిస్తే అందులో ఉన్నవి పోతాయి, ముందే వేరేచోట దాచుకోవాలి.

ఎక్కించాక చాలామంది చేసేది, దాన్ని ఫోన్లకు పంపడానికి చిన్న ఎంపీ4గా మార్చి అసలుది చెరిపేయడం. దయచేసి చేయకండి. ముందే వేలిముద్రంత ఉన్న మొహాలు ఇంకోసారి నలిగితే మనిషి ఎవరో పోల్చలేం. డిస్కులో ఉన్న ఎంపెగ్‌ను ఉన్నట్టుగా ఉంచి, ఫోన్లకు వేరే నకలు తీయాలి. వదిలేసిన సెక్టార్ల దగ్గర మాటకూ పెదవికీ పొంతన తప్పితే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో కుదించకుండా కొత్త రకం ఫైల్లోకి మార్చితే చాలాసార్లు సర్దుకుంటుంది.

హక్కుల మాట. సినిమా డిస్కులకు కాపీ కాకుండా వేసిన తాళాలు తీయడం నా పని కాదు. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో 65ఎ సెక్షన్ వచ్చింది, హక్కులకు భంగం చేసే ఉద్దేశంతో అట్లా తాళం తెరవడం నేరం. ఆ సినిమాలు వేరేచోట దొరుకుతాయి కూడా. పెండ్లి వీడియో కథ వేరు. 1957 చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లే దానికి మొదటి హక్కుదారులు. అసలు టేపుల కోసం స్టూడియోవాళ్లను నిర్భయంగా అడగొచ్చు.

అడగాలి కూడా. ఎందుకంటే ఈ డిస్కుల్లో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది గీత కాదు, మిక్సింగ్. ఎడిటింగ్‌లో అసలు చప్పుడు తీసేసి సినిమా పాటలు అతికించేవారు. నలుగు పెడుతూ ముసలమ్మలు నోరు కదుపుతుంటారు, వినిపించేది మట్టుకు ఆ ఏటి హిట్టు పాట. వాళ్లు పాడింది సరిహద్దు ఊళ్ల తెలుగు. నడుమ మరాఠీ మాటలు పడి, ఒడ్డుకో వరస మారే పాటలు. ఇవాళ కోఠారిలో అవి వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కించేంతమంది. పిల్లలు మరాఠీ బడిలో చదువుకున్నవాళ్లు, తెలుగు మాట్లాడతారు గానీ చదవరు. ఏ సాఫ్ట్‌వేరూ ఆ గొంతులను ఎడిట్ చేసిన డిస్కులోంచి తేలేదు. అవి ఉంటే గింటే ఎడిటింగ్‌కు ముందు తీసిన టేపుల్లో, వీహెచ్‌ఎస్‌లోనో మినీడీవీలోనో, ఏ మూసేసిన స్టూడియో అటక మీదో ఉండాలి. బల్లార్‌పూర్‌లో, గోండ్‌పిప్రీలో, కాగజ్‌నగర్‌లో ఆ కాలపు వీడియోగ్రాఫర్లు ఇంకా ఉన్నారు. చుట్టరికం ఉన్నవాళ్లు వెళ్లి అడిగితే పెట్టెలు తెరుస్తారు.

ఎక్కించిన ప్రతి వీడియోకూ ఒక కాగితం ఉండాలి. పెండ్లి ఎవరిది, ఏ ఊళ్లో, ఏ నెల, ఏ నిమిషం దగ్గర ఎవరు కనిపిస్తారు. పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఆపుతూ నడిపిస్తూ అడగాలి. “ఆ ఎర్ర చీర ఎవరు పెద్దమ్మా?” అంటే, ఆమె పేరుతో మొదలుపెట్టి ఏ ఇంటి కోడలో, ఏ మిల్లులో ఎవరు పనిచేశారో, ఏ వానకు ఆ గోడ కూలిందో చెప్పుకుంటూ పోతారు. అది కూడా ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి. పేర్లు తెలుగులోనూ, దేవనాగరిలోనూ రాయాలి, లేకపోతే రేపటి పిల్లలు చదవలేరు. నకళ్లు రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు ఇండ్లలో, వీలైతే ఒకటి నది అవతలి చుట్టాల దగ్గర పెట్టాలి. ఇక్కడ అనేకమంది ఇండ్లలో చదవగలిగే డ్రైవ్ లేదు, కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ అర కూడా ఉండదు. డ్రైవ్ నా దగ్గర ఉంది, పాత డెస్క్‌టాప్‌ది ఒకటి, బయట పెట్టేది ఒకటి. ఎండాకాలం ముదరకముందే ట్రంకు పెట్టెల్లోవి బయటికి తీయండి, స్టిక్కర్ పీకకుండా తీసుకురండి.