మనీలా నుంచి కారంచేడు దాకా: నిర్దోషి తీర్పుపై అప్పీలు

కింది కోర్టు నిందితుణ్ణి నిర్దోషిగా వదిలేశాక ప్రభుత్వం పైకోర్టుకు వెళ్లవచ్చా? మన దేశంలో వెళ్లవచ్చు, అమెరికాలో వెళ్లకూడదు. అక్కడి నిషేధానికి సాధారణంగా చెప్పే కారణం జ్యూరీ. పన్నెండుమంది పౌరులు ఎందుకో చెప్పకుండా ‘దోషి కాదు’ అని లేచి వెళ్లిపోతారు. కారణాలే రాయని తీర్పులో పైకోర్టు తప్పెక్కడ వెతుకుతుంది? ఈ వివరణలో నిజం ఉంది కానీ అది సగమే. మిగతా సగం బయటపడింది మనీలాలో.

1898 యుద్ధంతో ఫిలిప్పీన్స్ స్పెయిన్ చేతిలోంచి అమెరికా చేతికి వచ్చింది. స్పెయిన్ పద్ధతిలో కింది జడ్జి వదిలేసిన నిందితుడికి కూడా పైకోర్టు శిక్ష వేయవచ్చు. థామస్ కెప్నర్ అనే మనీలా లాయరు సొమ్ము స్వాహా చేశాడని కేసు పెట్టారు. 1901లో జడ్జి అతణ్ణి నిర్దోషి అన్నారు. ప్రభుత్వం అప్పీలు చేసి ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టులో శిక్ష వేయించింది. 1904లో అమెరికా సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో ఆ శిక్షను కొట్టేసింది. ఈ కేసులో జ్యూరీయే లేదన్నది గమనించాలి. తీర్పు ఎవరిచ్చినా సరే, ఒకసారి నిర్దోషి అన్నాక మనిషిని మళ్లీ అదే ముప్పులోకి నెట్టకూడదన్నది కోర్టు ఉద్దేశం. జస్టిస్ హోమ్స్ ఒప్పుకోలేదు. కేసు మొదటినుంచి చివరిదాకా ఉన్నది ఒకటే ముప్పు, అప్పీలు దానికి కొనసాగింపే అన్నది ఆయన వాదన. తర్కానికి నాకు హోమ్స్ వాదనే బలంగా కనిపిస్తుంది. కానీ అది మైనారిటీలో పడిపోయింది.

ఆ తర్వాత నిషేధం ఇంకా బిగిసింది. ఫాంగ్ ఫూ కేసులో సాక్షుల విచారణ పూర్తికాకుండానే ట్రయల్ జడ్జి నిందితులను నిర్దోషులుగా ప్రకటింపజేశారు. ఆ తీర్పుకు ఆధారం ఘోరమైన పొరపాటే కావచ్చునంటూనే, దాన్ని కదిలించడానికి వీల్లేదని 1962లో సుప్రీంకోర్టు తేల్చింది. 1957 నాటి గ్రీన్ కేసులో జస్టిస్ బ్లాక్ చెప్పిన కారణం ఇంతకంటే సూటిగా ఉంటుంది. అంతటి బలగమూ ధనమూ ఉన్న ప్రభుత్వం ఒక మనిషిని పదేపదే బోనెక్కిస్తే, నిర్దోషి కూడా చివరికి ఎక్కడో ఒకచోట దొరికిపోతాడు.

ఈ సూత్రానికి మూల్యం ఎవరు చెల్లించారన్నది వేరే ప్రశ్న. 1955లో మిసిసిపీలో పద్నాలుగేళ్ల నల్లజాతి బాలుడు ఎమ్మెట్ టిల్‌ను చంపిన కేసులో ఇద్దరు నిందితులను, అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ గంటకు కాస్త పైగా చర్చించి వదిలేసింది. నాలుగు నెలలు తిరక్కుండానే ఆ ఇద్దరూ డబ్బు తీసుకుని ‘లుక్’ పత్రికకు తమ నేరం తామే చెప్పుకున్నారు. హత్యానేరం కింద వాళ్లను మళ్లీ కోర్టుకు ఈడ్చే దారి లేకపోయింది.

అయితే ఆ నిషేధానికీ ఒక హద్దు ఉంది. మన వ్యాఖ్యాతలు దీన్ని తరచు వదిలేస్తుంటారు. కూతురి పెళ్లి విందుకు యూనియన్ డబ్బు వాడుకున్న నాయకుణ్ణి జ్యూరీ దోషి అంది. తర్వాత జడ్జి, అభియోగం మోపడంలో జాప్యం జరిగిందంటూ కేసే కొట్టేశారు. ప్రభుత్వం అప్పీలు చేసుకోవచ్చునని 1975లో విల్సన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వం గెలిస్తే జ్యూరీ ఇచ్చిన తీర్పు తిరిగి అమల్లోకి వస్తుంది, అంతే. మళ్లీ విచారణ అక్కర్లేదు. అంటే నిషేధం రెండో విచారణ మీదే తప్ప అప్పీలు అన్నదాని మీద కాదు.

ఈ హద్దు దగ్గర నిలబడి చూస్తే మన కేసులు వేరుగా కనిపిస్తాయి. నిర్దోషి తీర్పు మీద ప్రభుత్వానికి అప్పీలు హక్కు ఇచ్చింది 1872 నాటి నేర విచారణ స్మృతి. ఇంగ్లండ్‌లో జ్యూరీ వదిలేసినవాడి మీద తమకు లేని అధికారాన్ని బ్రిటిష్‌వాళ్లు ఇక్కడ చేజిక్కించుకున్నారు. వలస ప్రభుత్వ అవసరం కోసం పుట్టిన ఆ హక్కు స్వతంత్ర భారతంలోనూ కొనసాగింది, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 419వ సెక్షన్‌గా ఉంది. రాజ్యాంగం 20(2) అధికరణ దీనికి అడ్డురాదు. విచారణా శిక్షా రెండూ ఒకసారి అయిపోయినవాడికే ఆ అధికరణ రక్షణ.

కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. ట్రయల్ కోర్టు వేసిన శిక్షలను హైకోర్టు 1998లో కొట్టేసింది. 2008లో సుప్రీంకోర్టు ప్రధాన నిందితుడికి యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. పునరుద్ధరించడానికి కింది కోర్టు ఇచ్చిన దోషి తీర్పు ఒకటి ముందే ఉంది కాబట్టి, విల్సన్ తర్కం ప్రకారం ఇలాంటి అప్పీలు అమెరికాలోనూ చెల్లుతుంది. హత్య కేసులో నిందితుడైన నౌకాదళ అధికారి నానావతి సంగతి అలా కాదు. 1959లో బొంబాయి జ్యూరీ 8–1తో ఆయన్ను నిర్దోషి అంది. సెషన్స్ జడ్జికి ఆ తీర్పు నచ్చక హైకోర్టుకు నివేదించారు, హైకోర్టు యావజ్జీవం వేసింది. సాక్షుల నోటి మాట ఒక్కటీ స్వయంగా వినని న్యాయమూర్తులు కాగితాలు చదివి వేసిన శిక్ష అది. అమెరికాలో ఇది ఊహకందని సంగతి.

మన సుప్రీంకోర్టుకు ఈ ఇబ్బంది తెలుసు. సాక్ష్యాన్ని మళ్లీ తూచే అధికారం పైకోర్టుకు పూర్తిగా ఉన్నా, రెండు అభిప్రాయాలకు వీలున్నచోట నిర్దోషి తీర్పును కదపకూడదని 2007లో చంద్రప్ప కేసులో స్పష్టం చేసింది. 2009 సవరణ బాధితులకు కూడా అప్పీలు హక్కు ఇచ్చింది. కులం బలం, సాక్షుల భయం తెలిసిన సమాజంలో ఇది అవసరమేనని నా అభిప్రాయం. లోటు మరోచోట ఉంది. కింది కోర్టు వదిలేసినవాడికి హైకోర్టు మొదటిసారి మరణశిక్షో యావజ్జీవమో పదేళ్లు అంతకుమించిన జైలో వేస్తే, సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకోవడం అతడి హక్కు. అదే ఏడేళ్లు వేస్తే ఆ హక్కు లేదు. 136వ అధికరణ కింద ప్రత్యేక అనుమతి కోసం సుప్రీంకోర్టు తలుపు తట్టాలి. అనుమతి ఇవ్వడం ఇవ్వకపోవడం కోర్టు ఇష్టం. తనను దోషి అన్న ఏకైక తీర్పును ప్రశ్నించే హక్కు అతడికి ఎక్కడా ఉండదు.