అన్నయ్యకో శతకం, నాకో శతకం

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో రాత్రి భోజనాలయ్యాక నానమ్మ అరుగు మీద చాప పరిచి అన్నయ్యచేతా నాచేతా పద్యాలు చెప్పించేది. వాడికి కుమార శతకం, నాకు కుమారీ శతకం. వాడి పద్యం నేను అందుకుంటే "అది నీది కాదే" అని ఆపేసేది.

మొన్న మా అమ్మాయి ఉద్యోగానికి బెంగుళూరు వెళ్తోందని పాత పెట్టె ఖాళీ చేస్తుంటే ఆ రెండు పుస్తకాలూ దొరికాయి. బి.ఎ.లో తెలుగు చదివానన్న మాటే గాని, వాటిని ఇన్నాళ్ళూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఈసారి చూశాను.

రెండింటి మీదా కవుల ఇంటిపేరు పక్కి అనే ఉంటుంది. రెండూ సుమతీ శతకం లాగే కంద పద్యాలు. పద్యానికి నాలుగు పాదాలు, 64 మాత్రలు. పిల్లల నోటికి ఇట్టే పట్టుబడతాయి. చివర ఒకదాంట్లో "కుమారా", ఇంకోదాంట్లో "కుమారీ" అని పిలుపు. ఆ ఒక్క అక్షరం తేడాతో లోకమే మారిపోతుంది.

అబ్బాయికి చెప్పినవి చూడండి. గురువుకి ఎదురు చెప్పకు. ముఖ్యమైన పని ఒక్కడివే ఆలోచించి చేయకు. పరస్త్రీల వైపు చూడకు. అయిపోయినదానికి విచారించకు. ఎన్ని పనులున్నా రోజూ కాస్త విద్య పెంచుకో. వదినగారిని, అత్తగారిని కూడా తల్లుల్లో లెక్కపెట్టుకోమని ఒక పద్యం ఉంది. ఇందులో వంక పెట్టాల్సింది నాకేమీ కనపడలేదు.

మరి అమ్మాయికో? పెనిమిటి వద్దన్న పని చేయకూడదు. బావగార్ల ఎదుట పడకూడదు. అత్తామామలకు ఇష్టం లేనిది మానుకోవాలి. కోపం మనసులో పెట్టుకోకూడదు. అబ్బాయి పద్యాల్లో బడి, కొలువు, ఊరు ఉన్నాయి. అమ్మాయి పద్యాల్లో ఒక ఇల్లు, అదీ అత్తవారిల్లు.

చదువుతుంటే మొదట ఒళ్ళు మండింది. తర్వాత నానమ్మ గుర్తొచ్చింది. ఆవిడకి పన్నెండో ఏట పెళ్ళయింది. ఆడపిల్ల పెళ్ళికి 14 ఏళ్ళు నిండాలని 1929లో శారదా చట్టం వచ్చినా, అది మా ఊరి పొలిమేర దాటి లోపలికి రాలేదు. బొమ్మలతో ఆడుకునే పిల్లని ఇరవై మంది ఉన్న ఇంట్లోకి పంపుతూ తల్లి ఏం చెప్పగలదు? "తిరగబడు" అని చెబితే ఆ పిల్లకి అన్నం పెట్టేదెవరు? ఆ పద్యాలు నీతులకన్నా, దెబ్బలు పడకుండా బతికే ఉపాయాలనిపించాయి.

వీరేశలింగంగారు 1874లోనే ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. 1902లో హిందూసుందరి వచ్చి, ఆడవాళ్ళ రాతలు అచ్చులో కనపడసాగాయి. అయినా మా అరుగు మీద మాత్రం 1980ల దాకా కుమారీ శతకమే నడిచింది. కాలం మారినా కంఠస్థం మారలేదు.

అన్నీ తీసిపారేసేవి కావు. తోడికోడళ్ళ పిల్లల్ని సొంత పిల్లలకన్నా ఎక్కువగా చూసుకోమన్న పద్యం నాకిష్టం. మా తోడికోడలు ఆసుపత్రిలో ఉన్న రెండు నెలలూ ఆమె పిల్లలు నా దగ్గరే ఉన్నారు. అప్పుడు ఎవరూ చెప్పకుండానే ఆ పద్యం నోట్లో ఆడింది.

కానీ కోపం మనసులో పెట్టుకోవద్దన్న పద్యాన్ని నేను వేరేగా పాటించాను. బయటికి అనకుండా మింగాను. పెళ్ళయ్యాక ఎం.ఎ. ప్రైవేటుగా కడతానంటే ఇంట్లో "ఇప్పుడెందుకు" అన్నారు. సరే అన్నాను. ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. రోజూ విద్య పెంచుకోమన్న పద్యం అన్నయ్య పుస్తకంలో ఉంది. నానమ్మ నాకు నేర్పిన వాటిలో చదువు ఊసే లేదు.

ఇవన్నీ చెబితే మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు ఏ పుస్తకం ఇస్తావమ్మా?" అంది.

రెండూ పెట్టెలో పెట్టాను. పనులెన్నున్నా చదువు మానొద్దన్న పద్యం దగ్గర కాగితం మడిచి, "ఇది నీదే" అని చెప్పాను.

మరుసటి వారం ఎం.ఎ. దూరవిద్య దరఖాస్తు నింపాను. మీ ఇంట్లో పిల్లలకి పద్యాలు నేర్పుతుంటే, అమ్మాయికొకటి, అబ్బాయికొకటి అని పంచకండి.