స్టూవర్టుపురం రిజిస్టరు, యంత్రం కన్ను

బాపట్ల పక్కన వున్న స్టూవర్టుపురం చరిత్రను దొంగల కథగా చెప్పుకోవడం మనకు అలవాటు. నేను దానిని పోలీసు రిజిస్టరు చరిత్రగా చదువుతాను. 1913 ప్రాంతంలో ఎరుకల కుటుంబాలను అక్కడికి చేర్చి, సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో పెట్టారు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం పేర్లు నమోదు చేయించింది, వేలిముద్రలు తీయించింది. అన్నిటికంటె ఘోరమేమంటే, ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటించే ఉత్తర్వును ఏ కోర్టూ ప్రశ్నించరాదన్నది. నేరానికి ముందే అనుమానం. ఆ అనుమానానికి అప్పీలు లేదు!

1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. 1962లో మన రాష్ట్రానికి అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. జాతి పేరు పోయింది గాని, జాబితా పోలేదు.

ఆ 1962లోనే, ఖరక్ సింగ్ కేసులో, పోలీసులు రాత్రివేళ యింటికి వచ్చి తలుపు తట్టడం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మనిషి రాకపోకలను కనిపెట్టి వుండడాన్ని మాత్రం తప్పు పట్టలేదు. దీనితో విభేదించినవారు, ఒకప్పుడు బాపట్లలో మునసబుగా పనిచేసిన కోకా సుబ్బారావుగారు. నిఘా నీడలో తిరిగేవాడు స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదని ఆయన వాదన. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల పీఠం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించి, ఆ వాదననే నిలబెట్టింది.

కాని 2018లోనే తెలంగాణ పోలీసులు ముఖాలను గుర్తుపట్టే యంత్రాన్ని సెల్‌ఫోన్లలోకి తెచ్చుకున్నారు. 2022 నాటి చట్టం అరెస్టయినవారి వేలిముద్రలనూ, కంటిపాప గుర్తులనూ 75 ఏండ్లు దాచుకోనిస్తున్నది. యింటి సోదాకు అడ్డుకట్టలున్నాయి: వారంటు లేనప్పుడు అధికారి కారణం వ్రాయాలి, స్థానికులైన మధ్యవర్తులు చూస్తుండాలి. ముఖాల సోదాకు ఆపాటి అడ్డుకట్టలు కూడా లేవు. యంత్రం అందరి ముఖాలనూ ముందు వెదుకుతుంది, అనుమానాన్ని ఆ తర్వాత తయారుచేస్తుంది. అది తలుపు తట్టదు గనుక, ఖరక్ సింగ్‌కు దక్కినపాటి రక్షణ అయినా మనకు దక్కదు.

యంత్రానికి కులం లేదని కొందరు మిత్రులు అంటున్నారు. నేనొప్పుకోను. అది పోల్చి చూసేది పోలీసులు అందించిన ఫొటోలతోనే. వెనుకబడిన వర్గాల అమాయకుల పేర్లను అలవాటుగా హిస్టరీషీట్లకు ఎక్కించవద్దని 2024లో కూడా సుప్రీంకోర్టు హెచ్చరించవలసి వచ్చింది. అలాటి జాబితాలే యీ యంత్రానికి పెద్దబాలశిక్ష అయితే, అది నేర్చే పాఠమేమిటో వేరే చెప్పాలా?

కనుక యంత్రాన్ని కాదు, జాబితాను ముందు ప్రశ్నించాలి. ముఖాన్ని వెదకడానికి కూడా వ్రాతపూర్వకమైన కారణం వుండాలి. “నా పేరు యిందులో ఎందుకున్నది?” అని కోర్టుకెక్కి అడిగే వీలు ఆనాటి చట్టం స్టూవర్టుపురం వాసులకు యివ్వలేదు. ఆ ప్రశ్న అడిగి, కోర్టులో జవాబు రాబట్టుకునే హక్కు ప్రతి పౌరునికీ చట్టంలో వ్రాయించడమే నేటి పౌరహక్కుల ఉద్యమం చేయవలసిన పని.